పన్నెండు నుంచి ఐదుకు దిగే దారి



ఈ మాటలు మీరు ఫోనులో వింటున్నారో, రేడియోలో వింటున్నారో నాకు తెలియదు. రేడియోలోనే అయితే ఒకసారి దాని వెనక మూత మీద చేయి పెట్టి చూడండి. లోపల రెండు సెల్లు ఉంటాయి. ఒక్కోటి ఒకటిన్నర వోల్టు, రెండూ కలిస్తే మూడు. ఆ మూడు కాస్తా రెండుంబావుకు జారేసరికి రేడియో గొంతు బొంగురుపోతుంది. మా చిన్నప్పుడు అప్పుడేం చేసేవాళ్లు? సెల్లు బయటికి తీసి చూరు మీద ఎండకు పెట్టేవాళ్లు. కొందరైతే పంటితో నొక్కి మరీ పెట్టేవాళ్లు. సాయంత్రం వార్తల వేళకు రేడియో మళ్లీ నాలుగు మాటలు మాట్లాడేది. వేడికి లోపలి మందు కొంచెం చురుకవుతుంది, అంతే. పోయిన సత్తువ తిరిగి రాదు. అయినా ఆ నాలుగు మాటల కోసం అందరం ఆ పని చేశాం.

నేను కొత్తగూడెంలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ని. తర్వాత టేపురికార్డర్లు, ఆ తర్వాత టీవీలు. టంకం పొగ ముక్కుకు అలవాటైపోయింది. ఇప్పుడు రిపేరుకు వచ్చేవాళ్లూ తగ్గారు, నాకు చూపూ తగ్గింది. అందుకని ఊరికే కూర్చుని ఉన్న రోజుల్లో మా మేనల్లుడు ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు.

"మామా, ఇది కంప్యూటర్."

చూస్తే అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంది. ఆకుపచ్చ పలక, దాని మీద నల్లటి చిప్పులు, ఒక పక్కన యూఎస్‌బీ రంధ్రాలు, ఇంకో పక్కన రెండు వరసల సూదుల్లాంటి పిన్నులు. స్క్రీను లేదు, కీబోర్డు లేదు. దీని పేరు రాస్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పిల్లలకు చవకగా కంప్యూటరు నేర్పాలని కొందరు మొదలుపెట్టిన సంస్థ దీన్ని 2012 ఫిబ్రవరి 29న బయటికి తెచ్చింది. మావాడు తెచ్చింది 2016లో వచ్చిన మూడో రకం. వైఫై లోపలే ఉంటుంది.

వాడి ఆలోచన ఏమిటంటే, దుమ్ముగూడెం దాటాక లోపలికి పోతే అడవి అంచున ఒక కోయ గూడెం ఉంది. పేరు ఇక్కడ చెప్పను, చిన్న ఊరు. అక్కడి బడికి వాడు వారానికోసారి వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పి వస్తాడు. ఫోను సిగ్నలు కావాలంటే చెరువు కట్ట ఎక్కాలి. ఎక్కినా అదృష్టం బాగుండాలి. ఈ చిన్న పలకలో ఒక మెమొరీ కార్డు పెట్టి, అందులో తెలుగు వికీపీడియా మొత్తం నింపితే? ఇంటర్‌నెట్ లేకపోయినా ఈ పలకే తన చుట్టూ వైఫై వేస్తుంది. పిల్లలు, సార్లు తమ ఫోన్లలో ఆ వైఫై పట్టుకుని చదువుకోవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇవాళ లక్ష వ్యాసాలు దాటింది. దాన్నంతటినీ ఒక మూటగా కట్టి నెట్ లేనిచోట తెరిచి చూపించడానికి కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇదంతా వాడికి వచ్చిన విద్య. వాడికి చేతకానిది, నా దగ్గరికి తెచ్చింది ఒక్కటే.

"బడిలో సోలార్ బ్యాటరీ ఉంది మామా. అది 12 వోల్టులు. ఇది తినేది 5. ఎట్లా దించాలి?"

వినడానికి చిన్న ప్రశ్న. దాని మీద నేను ఒక వానాకాలమంతా గడిపాను. ఒక పలక తగలబెట్టాను. ఇవాళ మీతో చెప్పబోయేది ఆ కథే.

అందరికీ మొదట తోచే దారి మాకూ తోచింది. బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి, ఇన్వర్టరు ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి, చార్జరు నుంచి పలకకు ఇవ్వడం. పని చేస్తుంది. కానీ జరుగుతున్నది ఏమిటో చూడండి. బ్యాటరీలో ఉన్న 12 వోల్టుల డీసీని ఇన్వర్టరు 230 వోల్టుల ఏసీగా ఎక్కిస్తుంది. చార్జరు ఆ 230 ఏసీని మళ్లీ 5 వోల్టుల డీసీగా దించుతుంది. భద్రాచలం నుంచి సారపాక పోవాలంటే బ్రిడ్జి దాటితే చాలు. ఇది రాజమండ్రి మీదుగా సారపాక పోవడం లాంటిది. పైగా ఆ బస్సు ఖాళీగా తిరిగినా డీజిల్ తాగుతుంది. చిన్న ఇన్వర్టరయినా ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉంటే 10 వాట్ల వరకూ తింటుంది. మన పలక తినేది సగటున రెండున్నర వాట్లు. తిండి తినేవాడి కంటే వడ్డించేవాడు నాలుగింతలు తింటున్నాడన్నమాట.

ఈ బాధ మనకొక్కరికే కాదు. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఇదే లెక్క వేసి, ఇంటికి సోలార్ పెడితే ఇన్వర్టరు ఎందుకు, ఫ్యానూ లైటూ ఫోను చార్జరూ అన్నీ 48 వోల్టుల డీసీ మీదే నడపవచ్చు కదా అని ఒక ఏర్పాటు తయారు చేసింది. రాజస్థాన్ ఎడారి పల్లెల్లో కరెంటు లైను పోని ఇళ్లకు అవి బిగించారు. డీసీ నుంచి డీసీకే నేరుగా దిగడం అక్కడ పెద్ద ఎత్తున చేసిన పని. మేం చేయాల్సింది అదే పని, అరచేతిలో.

ఇన్వర్టరు వద్దన్నాక నా పాత విద్య బయటికి తీశాను. రేడియో మెకానిక్కుల్లో ఎవరిని అడిగినా చెప్పే పేరు 7805. మూడు కాళ్ల నల్ల ముక్క, వీపున లోహపు రేకు. ఒక కాలికి 12 ఇస్తే ఇంకో కాలి నుంచి కచ్చితంగా 5 వస్తుంది. ఎన్ని వేల టేపురికార్డర్లలో వేశానో లెక్క లేదు. రేకుకు అల్యూమినియం హీట్‌సింకు బిగించి, పలకకు ఇచ్చాను. వెలిగింది. మావాడు చప్పట్లు కొట్టాడు. పది నిమిషాలయ్యాక హీట్‌సింకు మీద వేలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

ఎందుకంత వేడి? 7805 అంటే చిల్లర ఇవ్వని కండక్టరు లాంటిది. టికెట్ 5 రూపాయలు, మీరిచ్చింది 12. మిగతా 7 తిరిగి ఇవ్వడు, జేబులో వేసుకుంటాడు. ఇక్కడ ఆ జేబే వేడి. పలక అర ఆంపియరు లాగితే 7 వోల్టులు, అర ఆంపియరు, మూడున్నర వాట్లు వేడిగా పోతాయి. పలకకు దక్కేది రెండున్నర. పలక పని పెరిగి ఒక ఆంపియరు లాగిందా, 7 వాట్లు వేడి. హీట్‌సింకు లేకపోతే ఆ ముక్క కాలిపోకుండా తనంతట తానే మూసుకుంటుంది, పాపం మంచిదే. కానీ బ్యాటరీ మాత్రం మొత్తం 12 వోల్టుల లెక్కనే ఖాళీ అవుతుంది.

చిల్లర తిరిగిచ్చే కండక్టరు ఇంకొకడున్నాడు. దాని పేరు బక్ కన్వర్టరు. షాపులో "బక్ మాడ్యూల్" అంటే ఇస్తారు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీలో కుప్పలుగా దొరుకుతుంది, వంద రూపాయల లోపే. ఎక్కువగా దొరికేది ఎల్‌ఎం2596 అనే చిప్పు ఉన్నది. చూడటానికి గ్లూకోజ్ బిస్కెట్టు ముక్కంత పలక. నాలుగు మూలల నాలుగు రంధ్రాలు. రెండు లోపలికి, రెండు బయటికి. మధ్యలో అయిదు కాళ్ల నల్ల చిప్పు, పక్కన చుట్టిన రాగి తీగ, నిలబడ్డ రెండు కెపాసిటర్లు, ఒక మూల నీలం రంగు చిన్న పెట్టె, దాని తలమీద ఇత్తడి మర. నా మాడ్యూల్ కాయిల్ మీద 470 అని ఉంది. అంటే 47 మైక్రోహెన్రీలు, చివరి సున్నా లెక్కలోకి రాదు. పాత మెకానిక్కుని కదా, ఇలాంటివి కనపడితే చెప్పకుండా ఉండలేను.

ఇది చేసే పని వింతగా ఉంటుంది. 12 వోల్టులను నలిపి 5 చేయదు. తలుపు తీసి వేసినట్టు బ్యాటరీని కాయిల్‌కు కలుపుతుంది, విడదీస్తుంది. సెకనుకు దాదాపు లక్షా యాభై వేల సార్లు. వందలో నలభై రెండు పాళ్లు తలుపు తెరిచి ఉంటే, మిగతా పాళ్లు మూసి ఉంటే, సగటున 12లో 5 దక్కుతుంది. మరి కరెంటు ముక్కలు ముక్కలుగా రాదా? జీలుగు చెట్టుకు కట్టిన లొట్టిలోకి కల్లు చుక్కచుక్కగానే పడుతుంది. మనం దొన్నెలోకి వంచుకున్నప్పుడు మాత్రం ధారగా వస్తుంది. కాయిల్, కెపాసిటర్ కలిసి ఇక్కడ లొట్టి పని చేస్తాయి. తలుపు తెరిచి ఉన్నప్పుడు కాయిల్ దాచుకున్నది, తలుపు మూసినప్పుడు పలకకు వదులుతుంది. అందువల్ల బ్యాటరీ నుంచి పావు ఆంపియరు చొప్పున తీసుకుని పలకకు అర ఆంపియరు ఇవ్వగలదు. వోల్టులు తగ్గించి ఆంపియర్లు పెంచింది. కమిషను కింద ఓ ఇరవై శాతం వేడి రూపంలో ఉంచుకుంటుంది, వేలు పెడితే గోరువెచ్చగా ఉంటుంది.

బడిలో ఉన్నది 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా చస్తుంది కాబట్టి సగమే మనదనుకోండి, 20. సూర్యుడు కనపడని ముసురులో, 7805 పెడితే గంటకు అర ఆంపియరు చొప్పున 40 గంటలు. బక్ పెడితే గంటకు పావు ఆంపియరు కంటే రవ్వంత ఎక్కువ చొప్పున 75 గంటలు దాటి, అంటే మూడు రోజుల పైన. మూడు రోజులు అనే మాటకు గోదావరి పక్కన అర్థం వేరే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో అయితే 75 దాటింది. అలాంటప్పుడు దుమ్ముగూడెం, చర్ల వైపు రోడ్లు నీళ్లలో ఉంటాయి, స్తంభాల మీది కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు ఉండడు. ఆకాశంలో ఎండా ఉండదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ నీలం పెట్టె మీది ఇత్తడి మర ఉంది చూశారూ, దాన్ని తిప్పితే బయటికి వచ్చే వోల్టేజీ మారుతుంది. మాడ్యూల్ షాపు నుంచి వచ్చినప్పుడు అది ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. 12 ఇస్తే 12కు దగ్గరగానే బయటికి రావచ్చు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, అప్పటికే మావాడు బండి స్టార్టు చేసి హారను కొడుతున్నాడని, మీటరు పెట్టకుండా వైర్లు కలిపాను. టిక్‌మని చిన్న చప్పుడు. అంతే. పొగ కూడా రాలేదు. నాలుగు వేల రూపాయల పలక, వాడి సొంత డబ్బులు. వాడు ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండింది.

కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు మాడ్యూల్‌కు బ్యాటరీ ఇచ్చి, బయటి వైపు మీటరు పెట్టి, మరను ఎడమ వైపు తిప్పుతూ పోవాలి. మొదట పది చుట్లు తిప్పినా మీటరు కదలదు. మర పాడైందేమో అనిపిస్తుంది. ఇంకా తిప్పాలి. హఠాత్తుగా దిగడం మొదలవుతుంది. 5.1 దగ్గర ఆపి, మర మీద గోళ్లరంగు చుక్క పెట్టేయాలి, ప్రయాణంలో కదలకుండా. మా ఆవిడ డబ్బాలోది తెచ్చాను, ఎరుపు. ఆ తర్వాతే పలక. ఇంకోమాట. పలకకు కరెంటు ఇవ్వడానికి రెండు దారులున్నాయి, యూఎస్‌బీ రంధ్రం ఒకటి, పిన్నులు ఒకటి. ఈ మూడో రకంలో యూఎస్‌బీ దారిన ఒక ఫ్యూజు ఉంటుంది. పిన్నుల దారిన ఏదీ లేదు, వచ్చింది వచ్చినట్టు లోపలికి పోతుంది. పైగా 5 వోల్టుల పిన్ను పక్కనే 3.3 వోల్టుల పిన్ను. కళ్లజోడు తుడుచుకోకుండా అక్కడికి పోవద్దు.

బ్యాటరీ మీద 12 అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మకండి. అది ఆరు గదులది, ఒక్కో గదికి రెండు వోల్టుల చిల్లర. నిండుగా ఉంటే 12.7, నీరసపడితే 11కు దిగుతుంది, ఎండలో చార్జి అవుతున్నప్పుడు 14.4 దాకా ఎక్కుతుంది. బక్ మాడ్యూల్ ఇవన్నీ తట్టుకుంటుంది. దానికి 40 వోల్టుల దాకా ఇవ్వవచ్చు. అక్కడే ఇంకో మెలిక. 12 వోల్టుల సోలార్ ప్లేటు అంటాం కదా, దానికి ఏమీ తగిలించకుండా ఎండలో మీటరు పెట్టండి, 21 పైన చూపిస్తుంది. 24 వోల్టుల ప్లేటైతే 44, 45 చూపిస్తుంది. పేరులో 24 ఉంది కదా, మనకు 40 దాకా అవకాశం ఉంది కదా అని నేరుగా ప్లేటుకు తగిలిస్తే మాడ్యూల్ మొదటి పొద్దునే పోతుంది. లారీల్లో, పెద్ద బస్సుల్లో బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. సెల్ టవర్ల దగ్గర ఉండేది 48, అది ఈ మాడ్యూల్‌కు కాదు. అంతకు తట్టేవి వేరే రకాలు. పొలంలో మోటారుకు పెట్టిన సోలార్ ప్లేట్ల వరస ఉంటే దాని జోలికే పోవద్దు, అక్కడ వందల వోల్టులు ఉంటాయి, అది మనిషిని పట్టుకుంటే వదలదు.

కొత్త పలక కొన్నాం. ఈసారి మీటరు నా చేతిలోనే ఉంది. బడిలో బ్యాటరీ హెడ్మాస్టరు గారి బల్ల కింద ఉంటుంది. వైఫై రెండు గదులకూ వరండాకూ అందాలంటే పలక పైన అటక మీద ఉండాలి. మాడ్యూల్ బ్యాటరీ పక్కన పెట్టి, 5.05కు కట్టి, అక్కడి నుంచి మూడు మీటర్ల ఫోను కేబులు పైకి లాగాం. వెలిగింది. ఇంటికొచ్చాం. మర్నాడు ఫోను, పలక ఆగిపోయిందని. వెళ్లి తీసి పెడితే మళ్లీ పనిచేసింది. మళ్లీ ఆగింది. మూడోసారి మెమొరీ కార్డే చెడింది, రాసినవన్నీ చెదిరిపోయాయి.

పలక మీద ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. నిచ్చెన ఎక్కి చూస్తే అది నిలకడగా లేదు, ఉండుండి ఆరుతోంది. స్క్రీను ఉంటే మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు కనపడేది. 4.63 వోల్టుల కంటే తగ్గితే ఈ పలక పెట్టే మొర అది. కింద మాడ్యూల్ దగ్గర మీటరు పెట్టాను, 5.05. పైన పలక పిన్నుల మీద పెట్టాను, 4.4. దారిలో అర వోల్టు పైన మాయం.

అక్కడ నిచ్చెన మీద నిలబడి నాకు నవ్వొచ్చింది. ఇది నాకు తెలియని విషయమా? ఈ జిల్లాలో వ్యవసాయం చేసే ఎవరికి తెలియదు? ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న రైతు మోటారు హాయిగా తిరుగుతుంది. లైను చివరి రైతు మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాయిల్ కాలుతుంది. వైరు సన్నం, దూరం ఎక్కువ, కరెంటు ఎక్కువ. మూడూ కలిస్తే వోల్టేజీ దారిలోనే తినేయబడుతుంది. ఫోను కేబుల్లో ఉండే తీగ వెంట్రుకల కట్ట. మూడు మీటర్లు పోయి మూడు మీటర్లు తిరిగొస్తే ఒక ఓమ్ దాటిన నిరోధం. అర ఆంపియరుకు 0.6 వోల్టు అక్కడే పోయింది. 5లో 0.6 పోతే ప్రాణం మీదికి వస్తుంది.

రైతుకు ఏం చేశారు? ఉమ్మడి రాష్ట్రంలోనే హెచ్‌వీడీఎస్ అని ఒకటి తెచ్చారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఊరి దగ్గర పెట్టి 400 వోల్టుల లైను మైళ్ల కొద్దీ లాగడం మానేసి, 11 వేల వోల్టుల లైనునే పొలాల దాకా తీసుకెళ్లి, నాలుగైదు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. దించేది ఎక్కడ వాడతామో అక్కడ దించాలి. పాల్వంచలో కరెంటు పుట్టించే కేటీపీఎస్ నుంచి అడవుల మీదుగా పోయే లైన్లు 2 లక్షల 20 వేల వోల్టులవి ఎందుకు? వోల్టులు ఎక్కువైతే అదే పనికి కరెంటు తక్కువ చాలు, కరెంటు సగమైతే దారిలో నష్టం పావు వంతవుతుంది. న్యూయార్కులో ఎడిసన్ 1882 సెప్టెంబరు 4న మొదలుపెట్టిన పవర్ స్టేషను 110 వోల్టుల డీసీ ఇచ్చేది. ఓ మైలు దూరం దాటి పంపలేకపోయేవాడు. అంత పెద్దమనిషికి ఎదురైన చిక్కే మా అటక మీద ఎదురైంది.

హెడ్మాస్టరు గారు కింది నుంచి అడిగారు: "ఏమైంది మాస్టారూ, నవ్వుతున్నారు?"

"పైకి పంపాల్సింది 5 కాదండీ, 12."

అంతే చేశాం. మాడ్యూల్‌ను బ్యాటరీ దగ్గర్నుంచి పీకి అటక మీదికి మార్చాం, పలకకు బెత్తెడు దూరంలో. బ్యాటరీ నుంచి పైదాకా ఇంట్లో లైట్లకు వాడే ఒకటిన్నర ఎంఎం వైరు. పాత సన్నటి కేబుల్లోనే 12 పంపినా 0.3 వోల్టు పోయేది, అంతే. 12 కాస్తా 11.7 అయితే మాడ్యూల్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, అది ఎటూ 5కే దించుతుంది. ఇప్పుడు పలక పిన్నుల మీద మీటరు 5.04 చూపించింది. పెద్ద పని చేస్తున్నప్పుడూ 5కు తగ్గలేదు. ఎర్ర దీపం నిలిచింది.

ఫ్యూజు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకు జానెడు లోపలే మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి, కార్లలో వాడే రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు చాలు. 12 వోల్టులు మనిషిని కొట్టవు కాబట్టి భయం లేదనుకుంటాం. కానీ షార్టయితే ఆ బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు దూకుతాయి. ఒకసారి నా చేతి నుంచి స్పానరు జారి రెండు టెర్మినళ్ల మధ్య పడింది. స్పానరు అంచు కరిగి ముత్యమంత బొట్టు అయింది. ఆ స్పానరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తాటాకు కప్పు ఉన్న ఊళ్లో అటక మీదికి పోయే వైరుకు ఫ్యూజు లేకుండా ఉంచకూడదు.

బ్యాటరీ బాగా దిగిపోతే సోలార్ కంట్రోలర్ 11 వోల్టుల దగ్గర లోడు కట్ చేస్తుంది. బ్యాటరీకి మంచిదే, పలకకు కాదు. పని మధ్యలో కరెంటు లాగేస్తే మెమొరీ కార్డు మళ్లీ చెదురుతుంది. అందుకని మావాడు రెండు పనులు చేశాడు. కార్డు మీద ఏదీ రాయకుండా, చదవడం మాత్రమే జరిగేలా సెట్ చేశాడు. రాత్రి 9 గంటలకు పలక తనంతట తాను మూసుకునేలా పెట్టాడు. పొద్దున ప్రార్థనకు ముందు ఏడో తరగతి పిల్లలు వంతులేసుకుని స్విచ్ వేస్తారు.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆ గూడెం పెద్దాయన ఒకాయన వరండాలోకి వచ్చాడు. చేతిలో రేడియో, రబ్బరు బ్యాండుతో మూత బిగించినది.

"సారూ, మీ వైరుకు నా రేడియో తగిలించరాదూ? సెల్లు కొనలేక సస్తున్న."

సంచిలో ఇంకో బక్ మాడ్యూల్ ఉంది. మీటరు పెట్టి, మరను ఇంకా వెనక్కి తిప్పి, 3 దగ్గర ఆపాను. సెల్లు పెట్టే గదిలో రెండు వైర్లు టంకం వేశాను. రేడియో గట్టిగా మాట్లాడింది. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఆయనకు అలవాటు విజయవాడ మీడియం వేవ్. ముల్లు అక్కడికి తిప్పాడు. జుయ్య్‌మని తేనెటీగల గుంపు లాంటి రొద. మాటలు ఎక్కడో అడుగున.

సెకనుకు లక్షా యాభై వేల సార్లు తలుపు తీసి వేస్తున్నాం కదా. ఆ చప్పుడు దాని నాలుగింతల దగ్గర, అయిదింతల దగ్గర, ఆరింతల దగ్గర కూడా ఉంటుంది. అవి సరిగ్గా మీడియం వేవ్ మధ్యలో పోయి కూర్చుంటాయి. ఎఫ్‌ఎంలో అంత తెలియదు. కెపాసిటర్లు వేశాను, వైర్లు మెలితిప్పాను, మాడ్యూల్‌ను రేకు డబ్బాలో పెట్టాను. కొంచెం తగ్గింది, పోలేదు. రేడియో మాడ్యూల్ తీసేసి సెల్లు పెట్టినా, అటక మీది పలక నడుస్తుంటే ఆ రొద సన్నగా వినపడుతూనే ఉంది.

ముప్పై ఏళ్ల మెకానిక్కుని, తలొంచుకున్నాను. పెద్దాయన రెండు సెల్లూ అరచేతిలో వేసుకుని చూసుకున్నాడు.

"పోనీలే సారూ. ఎండ ఉన్నది గదా," అని వాటిని వరండా గోడ మీద వరసగా నిలబెట్టాడు. సాయంత్రం వార్తల టైముకు పిల్లలు పలక ఆపేస్తున్నారు, ఓ పావుగంట.